ఆర్చి సరే, వంద మీటర్లు ఎక్కడ పరిగెత్తాలి?

వేపచెట్టు_91
నిన్న అత్తవారి ఊరి నుంచి వస్తూ మన హైస్కూలు దగ్గర ఆగాను. గేటు లోపల రెండు పక్కలా నడుము లోతు గోతులు తవ్వి ఉన్నాయి. వాచ్‌మన్‌ను అడిగితే "మీ వాళ్లే బాబూ, ఆర్చి కడుతున్నారు" అన్నాడు. మన వాళ్లంటే మన పూర్వ విద్యార్థుల సంఘం. వజ్రోత్సవానికి శాశ్వతంగా ఏదైనా చేద్దామంటే నేనూ అయిదు వేలు ఇచ్చాను. ఆర్చి అని అప్పుడు ఎవరూ అనలేదు.

నా బాధ ఆర్చి గురించి కాదు, ఆ గోతులు ఉన్న చోటు గురించి. మన వంద మీటర్ల పందెం గుర్తుందా? వెనక ప్రహరీ దగ్గర పాడుబడ్డ నుయ్యి పక్కన మొదలయ్యేది. గేటుకు కాస్త ఇవతల సున్నపు గీత. గీత దాటాక ఆగలేక గేటులోంచి రోడ్డు మీదికి దూసుకెళ్లేవాళ్లం. అందుకని డ్రిల్లు మాస్టారు ఒక స్కౌటు కుర్రాడి చేతికి ఎర్ర జెండా ఇచ్చి రోడ్డు మధ్యలో నిలబెట్టేవారు. పందెం అయ్యేదాకా పార్వతీపురం బస్సయినా సరే ఆగాల్సిందే. ఇప్పుడు ఆ గీతకు రెండు బారల అవతల ఆర్చి స్తంభాలు లేస్తాయి. పిల్లవాడు పూర్తి వేగంలో వెళ్లి కాంక్రీటును గుద్దుకోవాలా?

ఇంకొకటి. లాంగ్‌జంప్ గొయ్యి లేదు. అదనపు గదులు కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు అందులో పోసి చదును చేశారు. పైన పల్లేరు మొలిచింది. ఇది ఎవరికైనా తెలుసా?

రెండోబెల్లు
ఆ జెండా ఒకసారి నా చేతికి ఇవ్వమని ఏడ్చాను. ఇవ్వలేదు.

కోశాధికారి_95
ఆర్చి నమూనా జనవరిలోనే వాట్సాప్ గ్రూపులో పెట్టాం. నలభై మందికి పైగా బొటనవేళ్లు ఎత్తారు. వేపచెట్టు గారి బొటనవేలు కూడా అందులో ఉంది, కావాలంటే చూపిస్తాను. అప్పుడు ఊరుకుని, గోతులు తవ్వాక అడ్డం పడితే మేస్త్రీకి ఏం చెప్పాలి? సంఘం పనంతా నలుగురం చేస్తున్నాం. ఇదే బడి ముందు నుంచి కారులో వెళ్లిపోయేవాళ్లు నాలుగొందల మంది.

వేపచెట్టు_91
బొటనవేలు ఎత్తిన మాట నిజమే. ఆ నమూనాలో ఆర్చి వెనక కొండలు, కొబ్బరిచెట్లు, ఎగిరే పావురాలు ఉన్నాయి కానీ మన గ్రౌండు లేదు. అది గేటు బయట వస్తుందనుకున్నాను.

కోశాధికారి_95
బయట రోడ్లు భవనాల శాఖ స్థలం. అనుమతి రాదు. అందుకే లోపలికి జరిపాం.

లెక్కల_మాస్టారి_బాధితుడు
ఆర్చి వెడల్పు ఎంత?

కోశాధికారి_95
స్తంభానికి స్తంభానికి మధ్య పదహారు అడుగులు. లారీ పడుతుంది.

లెక్కల_మాస్టారి_బాధితుడు
లారీ పడుతుంది, పందెం పట్టదు. పరుగులో ఒక్కో వరుస వెడల్పు 1.22 మీటర్లు. ఆరుగురు పరిగెత్తాలంటే 7.32 మీటర్లు, అంటే ఇరవై నాలుగు అడుగులు. మధ్య నలుగురు ఆర్చిలోంచి పోతారు, చివరి ఇద్దరు స్తంభాలకు అతుక్కుంటారు.

పొడవు కూడా చూద్దాం. నూతి దగ్గర గోడ నుంచి గేటు దాకా 112 మీటర్లు. ఈ అంకె డ్రిల్లు మాస్టారు నాతోనే టేపు పట్టించి చెప్పించారు, చచ్చినా మరిచిపోను. మొదట్లో నిలబడటానికి మూడు, పరుగు వంద, ఇక మిగిలేవి తొమ్మిది. నిబంధన ప్రకారం గీత దాటాక ఆగడానికి కనీసం 17 మీటర్లు ఉండాలి. ఆ లోటు ఎనిమిది మీటర్లనూ ఇన్నాళ్లూ రోడ్డు మీద అప్పు తీసుకున్నాం.

రెండోబెల్లు
లెక్కల్లో 35 దాటని మనిషేనా ఇది రాసింది?

లెక్కల_మాస్టారి_బాధితుడు
36. సరిచేసుకోగలరు.

పక్కఊరివాడు
మీ గోలలో దూరినందుకు మన్నించాలి. గేటు నుంచి నూతి వైపు పరిగెత్తిస్తే సరిపోదా?

వేపచెట్టు_91
అప్పుడు ఆగలేనివాడు నూతిలో పడతాడు.

కోశాధికారి_95
నుయ్యి మూడేళ్ల కిందటే పూడ్చేశారు. గోడ మాత్రం ఉంది.

పక్కఊరివాడు
అయితే గోడను గుద్దుకుంటాడు. మీ బడివాళ్లు కబడ్డీలోనూ అంతే, గీత ఎక్కడుందో చూసుకోరు.

కూతగాడు
పక్క ఊరి సోదరా, మండలం ఫైనల్లో మీవాళ్లు ఏడుగురూ కలిసి ఒక్క కూతగాడిని పట్టలేకపోయిన సంగతి ఇక్కడ విప్పమంటావా? ఆ కూతగాడిని నేనే. మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది.

పక్కఊరివాడు
ఆ రోజు అంపైరు మీ బావ.

కూతగాడు
అప్పటికి ఇంకా కాలేదు.

ఖోఖో_పిల్ల
నవ్వుకున్నది చాలు, నేనొకటి చెబుతాను. 2003లో మా ఖోఖో జట్టు జిల్లా పోటీలకు విజయనగరం విజ్జీ స్టేడియానికి వెళ్లింది. తెల్లవారుజామున రాయగడ ప్యాసింజరు, ఒళ్లో పులిహోర పొట్లాలు. పన్నెండు మందిలో బూట్లు ఉన్నది ఇద్దరికి. ఆ ఇద్దరూ కూడా విప్పేసి ఆడారు, అలవాటు లేక.

వెళ్లడానికి ముందు నెల రోజులు మన గ్రౌండులోనే సాధన. సంక్రాంతికి అక్కడ ఎగ్జిబిషన్ వేశారు. రంగులరాట్నం, బజ్జీల కొట్లు, సోడాలు. అన్నీ తీసేశాక గాజు పెంకులు మిగిలాయి. సాధనకు ముందు రోజూ అరగంట మేమంతా వరసగా కూర్చుని, ఖోఖోలో కూర్చున్నట్టే ఒకరు ఇటు ఒకరు అటు తిరిగి, పెంకులు ఏరి బకెట్లో వేసేవాళ్లం. అంత ఏరినా మా జట్టులో బాగా పరిగెత్తే అమ్మాయి పాదంలో ఒకటి దిగింది. మూడు కుట్లు. ఆ అమ్మాయి లేకుండానే వెళ్లాం, రెండో ఆటలోనే ఓడిపోయాం. ఆ తరవాతి ఏడాది వాళ్ల ఇంట్లో ఆటలకు పంపలేదు, పెళ్లి చేశారు.

ఎగ్జిబిషన్‌కు గ్రౌండు ఎవరిచ్చారో, అద్దె ఎవరికి వెళ్లిందో ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆర్చి మీద ఇంత చర్చ జరుగుతుంటే, పెంకులు ఏరడానికి అప్పట్లో ఒక్క పెద్దమనిషి వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తోంది.

రెండోబెల్లు
అక్కా, ఆ ఎగ్జిబిషన్‌లో సోడా తాగి సీసా విసిరేసినవాళ్లలో నేనూ ఉన్నానేమో. ఇది చదివాక అన్నం సహించడం లేదు.

ఉదయపు_నడక
గ్రౌండు బాగానే ఉంది. నేను రోజూ పొద్దున్నే ఎనిమిది చుట్లు నడుస్తాను. కొందరు అనవసరంగా పెద్దది చేస్తున్నారు. ఆర్చి వస్తే ఊరికే అందం.

పదోతరగతి_నాన్న
అయ్యా, మీ నడకదారి కోసమే పోయినేడు వాలీబాల్ కోర్టు చివర మూడు అడుగులు సిమెంటు బిళ్లలు పరిచారు. సర్వీసు చేసేవాడు ఇప్పుడు గట్టు మీద నిలబడి చేయాలి. మావాడు అక్కడే మడమ మెలిపెట్టుకున్నాడు.

ఉదయపు_నడక
ఆ బిళ్లలకు నేను డబ్బులివ్వలేదు. ఎవరో దాత.

కూతగాడు
దాతల వల్ల గ్రౌండుకు ఇన్ని కష్టాలా!

దుబాయ్_బాబాయ్
షిఫ్టు దిగి ఇప్పుడే అంతా చదివాను. ఆర్చికి యాభై వేలు ఇచ్చింది నేను. ఇక్కడ అందరూ ఆర్చి అంటే పేరు పిచ్చి అన్నట్టు రాస్తున్నారు. అవును, పేరు కోసమే ఇచ్చాను.

నేను టెన్త్ మూడుసార్లు రాశాను. మూడోసారి తప్పాక మా అమ్మ బడికి వచ్చి టీసీ తీసుకుంది. అప్పుడు ఆఫీసు గదిలో ఒకాయన "వీడి పేరు ఈ రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా కనపడదు" అన్నాడు. మా అమ్మ ఇప్పటికీ ఆ మాట చెబుతుంది. పాతికవేలు దాటితే నల్లరాతి మీద పేరు చెక్కిస్తామన్నారు. అమ్మను ఆటోలో తీసుకెళ్లి చూపిద్దామనుకున్నాను. ఆవిడ చదవలేదు, కానీ చెల్లెలు చదివి వినిపిస్తుంది. ఇందులో తప్పుంటే చెప్పండి.

వేపచెట్టు_91
తప్పేమీ లేదు బాబాయ్. ఆ సంగతి తెలిస్తే ఇంకోలా రాసేవాడిని.

కోశాధికారి_95
ఇలాంటివాళ్లు పదకొండు మంది ఉన్నారు. వాళ్లకు జవాబు చెప్పాల్సింది నేను. అందుకే నాకు కోపం వచ్చింది. అంతకు మించి ఏమీ లేదు.

ఆకాశవాణి
ఆటల విలువ మన ప్రాంతానికి ఒకరు చెప్పాలా? కలియుగ భీముడని పేరుపడ్డ మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడిది వీరఘట్టం. 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ కరణం మల్లీశ్వరి పెరిగింది ఆమదాలవలసలో. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే పల్లె నుంచి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకు వెళ్లి వెయిట్‌లిఫ్టింగ్ 53 కిలోల విభాగంలో పోటీపడింది. కాంస్యం ఇచ్చారు, మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్ పరీక్షలో దొరికాక అది వెండి అయింది. విశాఖలో మామూలు బడిలో చదివిన జ్యోతి యర్రాజి ఎత్తు చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందని గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. ఆ అమ్మాయి 2023లో బ్యాంకాక్‌లో, 2025లో దక్షిణ కొరియాలోని గూమిలో ఆసియా విజేత. మన గ్రౌండులోనూ అలాంటి జ్యోతి ఉండవచ్చు.

కూతగాడు
ఆకాశవాణి గారూ, వార్తలు బాగా చదివారు. కానీ ప్రతిసారీ ఒలింపిక్ పతకం చూపించి గ్రౌండు అడగడం నాకు నచ్చదు. మన బడి నుంచి ఎవరూ ఒలింపిక్స్‌కు వెళ్లలేదు, బహుశా వెళ్లరు. పతకం రాకపోతే గ్రౌండు అక్కర్లేదా? నేను కబడ్డీ ఆడి సాధించింది ఒక మచ్చ, ఇరవై మంది స్నేహితులు. నాకు అది చాలు. పిల్లలు సాయంత్రం ఒళ్లంతా దుమ్ము చేసుకుని ఇంటికి పోవాలి, అంతే.

పదోతరగతి_నాన్న
మధ్యలో ఇంకొకటి ఉందండీ, ఉద్యోగం. మా పెద్దవాడు కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్నాడు. 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో పరిగెత్తాలి. అది కాక వంద మీటర్లు 15 సెకన్లలో గాని, లాంగ్‌జంప్ 3.80 మీటర్లు గాని దాటాలి. ఆడపిల్లలకు వంద మీటర్లు 18 సెకన్లు, లాంగ్‌జంప్ 2.75 మీటర్లు. తెల్లవారకముందే మన గ్రౌండులో ముప్పై మంది ఉంటారు, చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా వస్తారు. గొయ్యి పూడ్చాక దూకడం ఎక్కడ నేర్చుకుంటున్నారో తెలుసా? ఏటి ఒడ్డున ఇసుకలో. వర్షాలు పడితే అదీ లేదు. ఇక వంద మీటర్లకు కూడా స్తంభం అడ్డం వస్తే, వాళ్లకు మిగిలేది 1600 ఒక్కటే, దానితో ఉద్యోగం రాదు.

ఉదయపు_నడక
ఆ కుర్రాళ్లను రోజూ చూస్తాను. నాకు తోవ ఇచ్చి పక్కనుంచి పరిగెత్తుతారు. వాళ్లకు ఇబ్బంది అనుకోలేదు. ఆర్చి గురించి నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నల్లబల్ల
నేను ప్రస్తుతం ఇదే బడిలో పనిచేస్తున్నాను, అందుకని కొంచెం ఆచితూచి రాస్తాను.

గ్రౌండు తగ్గింది అదనపు గదుల వల్లే. కానీ ఆ గదులు లేనప్పుడు తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లు వరండాలో కూర్చునేవి. వాన కొడితే పుస్తకాలు తడిసేవి. కాబట్టి గదులు కట్టినవాళ్లను తిట్టకండి. తప్పు ఏమిటంటే ఎక్కడ కట్టాలో నిర్ణయించే రోజున గ్రౌండు గురించి మాట్లాడే మనిషి ఆ బల్ల దగ్గర లేడు. ప్రహరీ వెంబడి ఎల్ ఆకారంలో కడితే 200 మీటర్ల ట్రాక్ మిగిలేది. నాలుగు వరుసల ట్రాక్‌కు సుమారు ఎకరం కావాలి. ఇప్పుడు వెడల్పు చాలదు. పొడవులో ఆ 112 మీటర్లే మిగిలాయి.

డబ్బు సంగతి. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద హైస్కూలుకు ఆట వస్తువులకు ఏడాదికి గరిష్ఠంగా 25,000 రూపాయలు. అందులో బంతులు, వలలు, క్యారమ్స్ వస్తాయి. ఇసుక, మట్టి పని రాదు. విసిరే ఇనుప గుండు ఒకటి ఉంది, తుప్పు పట్టింది, అయినా బరువు తగ్గలేదు. వ్యాయామ ఉపాధ్యాయుడు ఒక్కరే, ఆయనకు హాజరు, భోజనం లెక్కలు, ఊరేగింపుల్లో పిల్లల్ని వరసలో నిలబెట్టడం అదనం. అయినా అండర్-14, అండర్-17 జట్లను మండలానికి పంపిస్తున్నారు. ఖోఖో_పిల్ల గారికి ఒక మాట: ఆడపిల్లల జట్టు ఇప్పటికీ ఉంది. ఖోఖో ప్రపంచకప్ 2025 జనవరిలో ఢిల్లీలో జరిగి మనవాళ్లు రెండు విభాగాలూ గెలిచాక ఇంకో తొమ్మిది మంది చేరారు. ఖోఖో స్తంభాలు మాత్రం మీ కాలం నాటి సరుగుడు దుంగలే.

ఖోఖో_పిల్ల
ఉత్తరం వైపు స్తంభం కొంచెం వంకరగా ఉంటుందా?

నల్లబల్ల
అదే. తిరిగేటప్పుడు ఆడపిల్లలు చెయ్యి వేసి వేసి నున్నబడింది.

ఖోఖో_పిల్ల
కొత్తవి నేను కొనిస్తాను. పాత వంకర దుంగను పారేయకండి. నాకు కావాలి.

రెండోబెల్లు
లాంగ్‌జంప్ గొయ్యికి ఎంతవుతుంది? లెక్కల సారూ?

లెక్కల_మాస్టారి_బాధితుడు
వెడల్పు 2.75 మీటర్లు. పొడవు ఏడు తవ్వితే బడి పిల్లలకు చాలు, లోతు ముప్పై సెంటీమీటర్లు. పెద్దల పోటీలకైతే ఇంకా కావాలి, మనకు అక్కర్లేదు. దాదాపు ఆరు ఘనపు మీటర్లు. ట్రాక్టరు తొట్టి వంద ఘనపుటడుగులు అనుకుంటే రెండు ట్రాక్టర్ల ఇసుక, కొంచెం అటూ ఇటూ. ముందు ఆ సిమెంటు పెళ్లలు తవ్వి తీయడమే అసలు పని. ఆ పైన దూకే చోట ఒక చెక్క, 20 సెంటీమీటర్ల వెడల్పు, నేలకు సమంగా.

కూతగాడు
నా దగ్గర ట్రాక్టరు ఉంది. ఇసుక ఖరీదు ఎవరైనా పెట్టుకోండి, కిరాయి వద్దు. పక్క ఊరి సోదరుడు వస్తే పార పట్టిస్తాను.

పక్కఊరివాడు
వస్తాను. మీ బావను రానివ్వకండి.

దుబాయ్_బాబాయ్
నా డబ్బు గొయ్యికి వాడండి. అమ్మకు ఏదో సర్దిచెబుతాను.

వేపచెట్టు_91
అదేం కుదరదు. బాబాయ్ పేరు బడిలో ఉండాలి. దూకే చెక్క మీద రాయిద్దామా?

లెక్కల_మాస్టారి_బాధితుడు
చెక్క మీద రాస్తే రోజూ తొక్కుతారు.

దుబాయ్_బాబాయ్
పైగా కాలు చెక్క దాటితే ఫౌలు. మళ్లీ నా పేరు తప్పుకే వాడతారు.

నల్లబల్ల
గ్రౌండు చదును చేసే రాతి రోలరు ఉంది కదా, ఇరుసు విరిగి స్టోర్ రూము వెనక పడి ఉంది. దాన్ని బాగు చేయిస్తే పేరు రాతి మీదే చెక్కించవచ్చు. పోటీలకు ముందు పదిమంది పిల్లలు కలిసి లాగుతారు. అమ్మగారిని ఆ రోజు తీసుకురమ్మనండి.

దుబాయ్_బాబాయ్
నల్లరాయేనా?

నల్లబల్ల
నల్లరాయే.

దుబాయ్_బాబాయ్
అయితే సరే. అక్షరాలు కొంచెం పెద్దగా.

రెండోబెల్లు
తిరిగే శిలాఫలకం! ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు.

కోశాధికారి_95
మిగతా పదిమందికి ఫోన్లు చేశాను. ఏడుగురు ఎక్కడైనా సరే అన్నారు. ముగ్గురు ఆర్చి కావాల్సిందేనన్నారు, అందులో ఒకాయన చాలా గట్టిగా అన్నాడు. మేస్త్రీతోనూ మాట్లాడాను. స్తంభాల మధ్య ఇరవై నాలుగు అడుగులు చేస్తే పైన దూలం మందం పెరుగుతుంది, ఇనుము పెరుగుతుంది, ఖర్చు మన చేతిలో ఉన్నదానికి రెండింతలు. కాబట్టి ఆర్చిని పాత భవనం మెట్ల ముందుకు జరపడం ఒక దారి, అక్కడ పది అడుగులు చాలు. గేటు దగ్గరి గోతులు పూడ్చాలి. తవ్విన కూలి నష్టం. ఆదివారం పొద్దున పది గంటలకు బడిలోనే సమావేశం. హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకున్నాను. ఇక్కడ రాసినవాళ్లంతా రావాలి. రాకుండా సోమవారం మళ్లీ ఇక్కడ రాస్తే నేను కోశాధికారి పని మానేస్తాను.

వేపచెట్టు_91
వస్తాను. నా బొటనవేలు తప్పుకు గోతుల కూలి నేనే ఇస్తాను.

ఉదయపు_నడక
నేను ఎలాగూ అక్కడే ఉంటాను.

పదోతరగతి_నాన్న
పెద్దవాడిని, వాడి స్నేహితుల్ని తీసుకొస్తాను. పెళ్లలు తవ్వడానికి మనకంటే వాళ్లు నయం.

స్కౌటు_నం7
ఎప్పుడూ చదవడమే తప్ప ఇక్కడ రాయలేదు. 1991లో రోడ్డు మీద నిలబడి బస్సులు ఆపిన కుర్రాడిని నేనే. వేపచెట్టు గారు ఆ రోజు రెండోవాడిగా వచ్చి నా మీద పడ్డారు. గొయ్యి సిద్ధమయ్యాక పోటీలు పెడితే చెప్పండి, వచ్చి నిలబడతాను. ఎర్ర జెండా ఇంకా మా ఇంట్లోనే ఉంది, బియ్యం డబ్బా మీద కప్పుతున్నాం.

రెండోబెల్లు
ముప్పై నాలుగేళ్లా? అది బడి సొత్తు, ఉతికి పట్టుకురండి. ఈసారైనా ఒక్క పందేనికి నా చేతికి ఇవ్వాలి.